డిక్కీ టెంట్ కట్టే ముందు: మా కుట్టు షాపులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండలో మాది టార్పాలిన్ పని. ఐకేపీ సెంటర్లలో, అంటే వడ్లు కొనే కేంద్రాల్లో, కుప్పల మీద కప్పే పరదాలు, ట్రాలీ కవర్లు, జీపు టాపులు కుడతాం. కొన్నేళ్లుగా టెయిల్‌గేట్ టెంట్ల పని కూడా తోడైంది. బండి వెనక తలుపు పైకి లేపి, దాని చుట్టూ గుడారంలా తొడిగేవన్నమాట. మన దగ్గర అందరూ డిక్కీ టెంట్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఆన్‌లైన్‌లో కొన్నది బండికి పట్టలేదని కొందరు వస్తారు, గాలికి చినిగిందని కొందరు. నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌కో, శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డునున్న సోమశిలకో పోయే ముందు నాలుగు మాటలు అడిగి పోదామని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఎవరొచ్చినా నేను చెప్పేది ఒకటే. ఈ టెంటు ఇల్లు కాదు, పరదా. దోమను, ఎదుటివాళ్ల చూపును, కాస్త చలిగాలిని ఆపుతుంది. రాత్రి ఎలా గడుస్తుందన్నది మాత్రం బండిని ఎక్కడ, ఎటు ముఖం పెట్టి ఆపారన్నదాన్ని బట్టే ఉంటుంది.

ముందు ప్రాణం మీదికి తెచ్చే అపోహ సంగతి చూద్దాం.

అపోహ: ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోవచ్చు

"అన్నా, టెంటు కట్టినంక ఏసీ నడుస్తుంటే సల్లగ పండుకోవచ్చు గదా?" ఎండాకాలం వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పదు. వద్దు. ఒక్క గంట కూడా వద్దు.

పొగగొట్టం ఉండేది బండి వెనక, సరిగ్గా డిక్కీ కిందే. మామూలుగా ఆ పొగ గాలిలో కలిసిపోతుంది. తలుపు లేపి చుట్టూ నేలదాకా బట్ట దించామంటే పొగ పోయే దారి మనమే మూసినట్టు. అది లేచి నేరుగా పడక మీదికే వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు. కాబట్టి వాసన రావట్లేదు, గాలి బాగానే ఉందనుకోవడానికి లేదు. రక్తంలో ఆక్సిజన్ మోయాల్సిన హిమోగ్లోబిన్‌ను ఈ వాయువు ఆక్సిజన్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్న మనిషికి తలనొప్పి, వికారం, తల తిరగడం తెలుస్తాయి. నిద్రలో ఉన్న మనిషికి ఏదీ తెలియదు, అలాగే ప్రాణం పోతుంది. డీజిల్ బండి నుంచి ఇది పెట్రోల్ బండి కంటే తక్కువ వస్తుందన్న మాట నిజమే గానీ, మూసిన టెంటులో ఆ తక్కువే గంట గంటకూ పేరుకుంటుంది. పొగగొట్టానికి రబ్బరు పైపు తగిలించి పక్కకు మళ్లిస్తామని ఉపాయం చెప్పినవాళ్లూ ఉన్నారు. అలాంటి పని మా షాపులో చేయం.

ఎలక్ట్రిక్ బండికి పొగగొట్టమే లేదు కాబట్టి ఆ భయం లేదు. తిరిగి వచ్చేందుకు ఛార్జింగ్ మిగులుతుందా అన్నది చూసుకుంటే చాలు.

చలికాలంలో ఈ ప్రమాదమే ఇంకో దారిలో వస్తుంది. చికెన్ కాల్చిన బొగ్గులు ఇంకా వేడిగా ఉన్నాయి కదా, వెచ్చగా ఉంటుందని ఆ కుంపటిని లోపలికి లాగుతారు. మంట లేకపోయినా, కంటికి పొగ కనిపించకపోయినా నివురు కింద రగిలే బొగ్గు నుంచి వచ్చేది అదే వాయువు. గ్యాస్ స్టవ్ కూడా లోపల వద్దు. టెంటు బట్ట పాలిస్టరో నైలానో అయి ఉంటుంది. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వంటేదో బయటే, టెంటు మీదికి గాలి వీచని పక్కన కానివ్వండి.

అపోహ: ఏ ఎస్‌యూవీకైనా పడుతుంది

అట్టపెట్టె మీద "యూనివర్సల్" అని రాసి ఉంటుంది. మా షాపుకు వచ్చే గొడవల్లో ఎక్కువ ఇక్కడే మొదలవుతాయి. ఈ టెంట్లన్నీ తలుపు పైకి లేస్తుందన్న లెక్కతో కుట్టినవి. క్రెటా, సెల్టోస్, బ్రెజా, ఇన్నోవా, ఫార్చ్యూనర్, హారియర్, ఎక్స్‌యూవీ 700 లాంటివాటికి తలుపు పైకే లేస్తుంది. మన పల్లెల్లో ఎక్కువగా తిరిగే బొలెరోకు మాత్రం వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది. స్కార్పియోకూ అంతే, స్కార్పియో ఎన్‌కూ అంతే, జిమ్నీకీ అంతే. పైకి లేచే తలుపే లేనప్పుడు టెంటుకు కప్పు ఎక్కడి నుంచి వస్తుంది? ఇలాంటి బండ్లకు రెండు మార్గాలున్నాయి. సొంత కర్రలతో నిలబడి, ఒక పక్క గొట్టంలా ఉన్న బట్టను బండికి కట్టుకునే రకం కొనాలి. లేదంటే రూఫ్ రెయిల్స్ నుంచి వెనక్కి ఒక పరదా లాగి రెండు కర్రలు నిలబెట్టాలి. రెండోది చవక, మా దగ్గర ఎక్కువగా కుట్టేది కూడా అదే.

కొనే ముందు తలుపు లేపి మూడు కొలతలు తీసుకోండి: తలుపు అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, బంపర్ నుంచి ఎంత బయటికి వచ్చింది, బండి వెనక భాగం వెడల్పు ఎంత. టేపుతో పది నిమిషాల పని. ఇంకో కొలత బండి లోపల ఉంది. వెనక సీట్లు మడిచి, ముందు సీట్లు జరిపాక మీరు నిలువుగా పడుకునే జాగా ఉందా? కాళ్లు డిక్కీ దాటి టెంటులోకి వేలాడితే పొద్దున నడుము పట్టేస్తుంది.

ఎస్‌యూవీ ఉంటేనే ఇదంతా అనుకునేవాళ్లకు ఒక మాట. ఎర్టిగా బ్రహ్మాండంగా పనికొస్తుంది, వ్యాగన్ఆర్‌కు కూడా కట్టొచ్చు. సెడాన్‌కు కుదరదు. ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు, దాన్ని నమ్ముకుని పోకూడని చోటికి పోయి ఇరుక్కున్నవాళ్లే ఎక్కువ.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్లు రావు

లేబుల్ మీద 2000 మి.మీ., 3000 మి.మీ. అని ఉంటుంది. అంత ఎత్తు నీటి స్తంభం ఒత్తిడిని బట్ట తట్టుకుంటుందని దాని అర్థం. అది బట్ట సంగతి. నీళ్లు వచ్చేది కుట్టు దగ్గర, బండికీ బట్టకీ మధ్య ఉండే సందు దగ్గర. సూది దిగిన ప్రతిచోటా రంధ్రమే. లోపలి వైపు కుట్టు మీద టేపు అంటించి ఉందో లేదో చూడండి, లేకపోతే 3000 అని రాసి ఉన్నా దండగ. ఇక బండి పైకప్పు మీద పడిన వాన వెనక్కి జారి తలుపు కీలు సందులో దిగుతుంది. టెంటు పై అంచు తలుపును దాటి పైకప్పు మీదికి కనీసం జానెడు రావాలి.

దీనికి ఖర్చులేని చిట్కా ఉంది. బండి ముక్కు కొంచెం పల్లానికి ఉండేలా ఆపండి. వాన నీళ్లలో చాలా భాగం ముందుకు జారిపోతుంది. అలా ఆపినప్పుడు తల డిక్కీ వైపు పెట్టి పడుకోవాలి, అప్పుడు తల ఎత్తులో ఉంటుంది, గాలి కూడా బాగా తగులుతుంది.

డిసెంబరులో "వాన పడకున్నా కారుతోంది" అని వాపసు తెచ్చేవాళ్లుంటారు. అది కారడం కాదు. ఒక మనిషి రాత్రంతా ఊపిరి ద్వారా, చెమట ద్వారా వదిలే తేమ గ్లాసుడు నీళ్లకు తక్కువ ఉండదు. బయట చల్లబడిన బట్టకు, అద్దాలకు తగిలి అది చుక్కలు కడుతుంది. అన్నీ బిగించి పడుకుంటే తెల్లారేసరికి దుప్పటి తడుస్తుంది. ముందు అద్దాలు రెండు వేళ్లంత దించి నెట్ కట్టండి, టెంటు పై కిటికీ తెరిచి ఉంచండి. చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకోండి గానీ కిటికీ మూయొద్దు.

అపోహ: మేకులు దిగ్గొడితే చాలు

మేకు ఎక్కడ దిగుతుంది మన దగ్గర? నల్లగొండ, పాలమూరు గుట్టల్లో అడుగు తవ్వితే బండ. దుబ్బ చెల్కలో, అంటే ఇసుకపాటి చేనులో, మేకు సులువుగా దిగుతుంది, అంతే సులువుగా ఊడుతుంది. బండ మీద అయితే పెద్ద రాళ్లకు తాడు చుట్టి కట్టాలి. దుబ్బలో ఇసుక నింపిన సంచికి తాడు కట్టి పాతిపెట్టాలి. ఖాళీ యూరియా సంచి రెండు మూడు తీసుకెళ్తే పనైపోతుంది. రాయి ఎత్తేటప్పుడు మన వైపు కాకుండా అవతలి వైపు ఎత్తండి, కింద తేళ్లు ఉంటాయి.

గాలి ఎటు నుంచి వస్తే బండి ముఖం అటు. బండే అడ్డుగోడ అవుతుంది. వానాకాలంలో మనకు ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే ఈదురుగాలి లెక్క మాత్రం వేరు, అది ఎటు నుంచైనా కొడుతుంది. తలుపును లేపి ఉంచే గ్యాస్ రాడ్లు పాతబడ్డ బండి అయితే గాలికి తలుపు కిందికి వచ్చేస్తుంది. ఉరుము వినబడగానే టెంటు విప్పి, తలుపు వేసి బండిలో కూర్చోండి. బట్ట పోతే కుట్టుకోవచ్చు.

మార్చి దాటితే నున్నటి బండ మీద ఆపకండి. పగలంతా పీల్చిన వేడిని రాత్రి చాలాసేపు వదులుతూనే ఉంటుంది. వేసవిలో 44, 45 డిగ్రీలు చూసే జిల్లా మాది. ఇంకో సంగతి, ఎండలో మూసిపెట్టిన బండిలో చిన్న గ్యాస్ డబ్బాలు వదలకూడదు. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది.

అపోహ: నీళ్ల ఒడ్డున అయితేనే మజా

ఫొటో బాగా వస్తుంది, ఒప్పుకుంటాను. సాగర్ బ్యాక్‌వాటర్ పక్కనున్న వైజాగ్ కాలనీ దగ్గరైనా సోమశిల దగ్గరైనా మనం చూసేది నది ఒడ్డు కాదు, రిజర్వాయర్ ఒడ్డు. జులై నుంచి అక్టోబరు దాకా ఎగువన గేట్లు ఎత్తారంటే ఇక్కడ వాన చుక్క పడకపోయినా మట్టం పెరుగుతుంది. ఒడ్డు వాలు తక్కువ ఉన్నచోట మట్టం ఒక్క అడుగు పెరిగితే నీళ్లు చాలా దూరం లోపలికి వస్తాయి. రాళ్ల మీద, చెట్ల మొదళ్ల మీద పాత నీటి గీత కనిపిస్తుంది, దానికి పైన ఆపండి.

ఎండాకాలంలో తలనొప్పి వేరు. నీళ్లు వెనక్కి పోయిన చోట నేల నెర్రెలిచ్చి గట్టిగా కనిపిస్తుంది. కింద ఒండ్రు మెత్తగానే ఉంటుంది. చెరువు శిఖం భూముల్లోనూ, అంటే నీళ్లు తగ్గితే బయటపడే చెరువు లోపలి నేలలోనూ, ఇంతే. బండి ఎక్కించే ముందు దిగి నడవండి, మడమ దిగితే టైరు దిగుతుంది. నల్లరేగడిలో చిన్న జల్లు పడినా ట్రాక్టర్ కోసం ఫోన్ చేయాల్సిందే.

అపోహ: అడవిలో ఎక్కడైనా ఆపుకోవచ్చు, అడిగేదెవరు

అడుగుతారు. ఇక్కడ అడవి అంటే నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల మకాం వేయడం, నిప్పు పెట్టడం నేరం. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అటవీశాఖ బస ఏర్పాట్లు ఉన్నచోట బుక్ చేసుకోండి, లేదా అడవి బయట ఆగండి.

బయట అంటే ఎవరిదో ఒకరి చెల్క. రైతును అడిగితే కాదనేవాళ్లు తక్కువ. "పెద్దయ్యా, రాత్రికి ఇక్కడ బండి ఆపుకుంటం" అంటే ఎక్కడ ఆపాలో ఆయనే చూపిస్తాడు. మర్యాద కోసం ఒక్కటే కాదు, ఇందులో మన ప్రాణం సంగతి కూడా ఉంది. పల్లి, మక్క చేన్లలో అడవి పందుల కోసం కొందరు దొంగచాటుగా కరెంటు తీగలు పెడతారు. అది చట్టవిరుద్ధం. వాటికి మనుషులు బలైన వార్తలు మన దగ్గర కొత్త కాదు. రాత్రిపూట చీకట్లో చేనుకు అడ్డంపడి నడవకండి, బయటికి పోవాలన్నా బండి పక్కనే.

అపోహ: ఉప్పు గీత గీస్తే పాములు రావు

ఉప్పు, వెల్లుల్లి, ఫినాయిల్, కిరోసిన్ ఏదీ ఆపదు. డిక్కీ టెంట్లకు చాలావాటికి అడుగు బట్ట ఉండదు, కాబట్టి టెంటులో నేల మీద చాప వేసుకుని పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట తిరిగేది, నేల మీద నిద్రపోయేవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కొన్నిసార్లు కాటు నొప్పి కూడా తెలియదు. పడక బండిలోనే ఉండాలి. చెప్పులు కూడా బండిలోనే పెట్టుకోండి, తొడిగే ముందు దులపండి. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం లాంటివి వద్దు. 108కి ఫోన్ చేయండి, యాంటీవీనం ఉండే ప్రభుత్వ ఆసుపత్రి ఏది దగ్గరో పోయే ముందే చూసి పెట్టుకోండి.

మిగిలిన కూర, చికెన్ ఎముకలు టెంటులో వదిలితే మాత్రం కుక్కలు, పందులు తప్పక వస్తాయి. గుట్టల దగ్గర ఎలుగుబంట్లు కూడా.

అపోహ: రాత్రంతా డిక్కీ తెరిచి ఉంటే బ్యాటరీకి ఏం కాదు

తలుపు తెరిచి ఉన్నంతసేపు కొన్ని బండ్లలో లైటు వెలుగుతూనే ఉంటుంది, లోపలి ఎలక్ట్రానిక్స్ మేలుకునే ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో తలుపు లాక్ కొక్కేన్ని మూసిన స్థితికి నొక్కితే బండి తలుపు పడిందనుకుంటుంది. పొద్దున తలుపు వేసే ముందు డిక్కీ బటన్ నొక్కి ఆ కొక్కేన్ని మళ్లీ వదిలించాలి. మరిచి గట్టిగా వేస్తే లాక్ పగులుతుంది. ఎలక్ట్రిక్ డిక్కీ ఉన్న బండ్లలో ఈ చిట్కా ప్రయత్నించొద్దు, మాన్యువల్ చూడండి. లైటు, ఫ్యాను పవర్‌బ్యాంకు మీద నడిపించుకోవడం అన్నిటికన్నా మేలు. తాళంచెవి ఎవరి దగ్గరుందో పడుకునే ముందే అందరికీ తెలియాలి.

అపోహ: ఖరీదైన టెంటు ఎక్కువ కాలం వస్తుంది

ఎలా దాచారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆదివారం సాయంత్రం హడావుడిగా తడి టెంటును మడిచి డిక్కీలో పడేసి, మళ్లీ సంక్రాంతికి తీస్తారు. లోపలి పూత జిగురుగా మారి పొరలు పొరలుగా లేస్తుంది, ముక్కిన వాసన వస్తుంది. ఇంటికి రాగానే నీడలో, గాలికి ఆరేయండి. మిద్దె మీద ఎండలో రోజుల తరబడి వదిలినా బట్ట పెళుసవుతుంది. చినిగితే అతుకు వేసిస్తాను, జిప్పు పోతే మార్చిస్తాను. ఆ పూత ఊడిన టెంటు తెస్తే మాత్రం వడ్ల కుప్ప మీద కప్పుకోవడానికి కూడా పనికిరాదని ముఖం మీదే చెప్తాను.