కృష్ణా నది ఏ రాష్ట్రం గ్రూపులో పడుతుంది?

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్లకి గ్రూపింగ్ చాలా తొందరగా పట్టుబడుతుంది. విద్యార్థుల్ని క్లాసుల వారీగా, బిల్లుల్ని నెలల వారీగా విడగొట్టమంటే జావాలోనో పైథాన్‌లోనో రెండు లైన్లలో అయిపోతుంది, ఎందుకంటే ఒక విద్యార్థి ఒకే క్లాసులో ఉంటాడు, ఒక బిల్లుకి ఒకటే నెల. అదే నదుల్ని రాష్ట్రాల వారీగా విడగొట్టమంటే? కృష్ణా మహారాష్ట్రలో పుట్టి కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా పోయి సముద్రంలో కలుస్తుంది, అంటే నాలుగు గ్రూపుల్లోనూ కనపడాలి. కర్ణాటక వైపు నుంచి చూస్తే అక్కడ కృష్ణాతో పాటు తుంగభద్ర ఉంది, కావేరి ఉంది, పెన్నా పుట్టేది కూడా అక్కడే, నంది కొండల్లో. రెండు వైపులా ఒకటికి మించి సంబంధాలు. దీన్నే మెనీ టు మెనీ అంటారు.

చాలామంది ముందుగా చేసే పని, రాష్ట్రం పక్కన ఒక కాలమ్ పెట్టి నదుల పేర్లన్నీ కామాలతో రాసేయడం. దయచేసి అలా చేయకండి. భద్ర అనే నది కర్ణాటకలో ఉంది, కూడ్లి దగ్గర తుంగతో కలిసి తుంగభద్ర అవుతుంది. ఆ కాలమ్‌లో 'భద్ర' అని వెతికితే తుంగభద్ర ఉన్న ప్రతి రాష్ట్రమూ వచ్చేస్తుంది, తెలంగాణ, ఆంధ్రతో సహా. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి తప్పు జరిగిందని ఎవరికీ తెలియదు.

సరైన దారి ఏమిటంటే, సంబంధాన్నే ఒక వస్తువులా చూడడం. కృష్ణా–మహారాష్ట్ర ఒక వరుస, కృష్ణా–కర్ణాటక ఇంకో వరుస, ఇలా జతలు రాసుకుంటూ పోవాలి. కృష్ణాకి నాలుగు, తుంగభద్రకి మూడు, పెన్నాకి రెండు, మొత్తం 9 జతలు. ఇక రాష్ట్రం పేరుతో గ్రూప్ చేస్తే ఏ రాష్ట్రంలో ఏ నదులో వస్తాయి, నది పేరుతో చేస్తే ఏ నది ఎక్కడెక్కడ పారుతుందో వస్తుంది. భాషలు మారినా పని ఇదే, ముందు జతలుగా విప్పడం, తర్వాత గ్రూప్ చేయడం. జావాలో ఫ్లాట్‌మ్యాప్, సీ షార్ప్‌లో సెలెక్ట్‌మెనీ, పైథాన్‌లో ఒకదానిలో ఒకటి రెండు లూపులు. డేటాబేస్‌లో అయితే ఈ జతలకి విడిగా ఒక టేబుల్ ఉంటుంది, జంక్షన్ టేబుల్ అంటారు.

ఇంత సులువుగా కనిపిస్తున్న ఈ ఏర్పాటు మొదటి నుంచీ లేదు. 1960ల్లో అపోలో కార్యక్రమం కోసం ఐబీఎం తయారుచేసిన ఐఎంఎస్ అనే డేటాబేస్‌లో డేటా చెట్టులా ఉండేది, పైన తల్లి, కింద పిల్లలు, ఒక్కో పిల్లకి ఒకటే తల్లి. ఒకే విడిభాగం పదిచోట్ల వాడితే చెట్టు ఒక్కటే సరిపోదు. 1970లో ఐబీఎంలోనే పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్, డేటా అంతటినీ టేబుళ్లుగా చూసే రిలేషనల్ మోడల్ మీద పేపర్ రాశాడు. అందులో సరుకు ఇచ్చేవాడు, విడిభాగం, ప్రాజెక్టు, ఎన్ని ఇచ్చాడు అనే నాలుగు కాలమ్‌ల టేబుల్ ఒకటి ఉంటుంది. నాకు చాలా నచ్చేది ఆ నాలుగో కాలమే. 'ఎన్ని' అన్నది సరుకు ఇచ్చేవాడి సొంతం కాదు, విడిభాగానిదీ కాదు, వాళ్లని కలిపే ఆ సంబంధానిది.

నదుల్లోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది, అసలు తప్పులన్నీ ఇక్కడే దొర్లుతాయి. కృష్ణా పొడవు 1400 కిలోమీటర్లు, పెన్నా 597, తుంగభద్ర 531, కలిపితే 2528. ఈ పొడవుల్ని జతల టేబుల్‌తో జాయిన్ చేసి, అంటే నది పేరు చూసి ప్రతి జత పక్కనా ఆ నది పొడవు చేర్చి, రాష్ట్రాల వారీగా కూడి, ఆ మొత్తాలన్నీ మళ్లీ కూడితే 8387 వస్తుంది, ఎందుకంటే కృష్ణా నాలుగుసార్లు, తుంగభద్ర మూడుసార్లు, పెన్నా రెండుసార్లు లెక్కలో పడ్డాయి. కొందరు ఒకే విలువని ఒక్కసారే లెక్కపెట్టే డిస్టింక్ట్ పెట్టి గండం గట్టెక్కామనుకుంటారు, కానీ రెండు నదుల పొడవు ఒకటే అయిన రోజున ఒక నది లెక్కలోంచి ఎగిరిపోతుంది. పెన్నా 597 కిలోమీటర్లలో కర్ణాటకలో పారేది 61, మిగతా 536 ఆంధ్రలో. ఈ 61 ఉండాల్సిన చోటు పెన్నా–కర్ణాటక జత పక్కన. అక్కడ పెడితే ఎటు నుంచి కూడినా మొత్తం సరిపోతుంది. రిపోర్టులో గ్రూపుల మొత్తం అసలు మొత్తాన్ని మించిందంటే నేను ముందు చూసేది ఇదే.

ఇంకో రకం ప్రశ్న కూడా ఉంది. సరిగ్గా ఒకే రాష్ట్రాల్లో పారే నదుల్ని ఒకచోట చేర్చమంటే విప్పకూడదు, రాష్ట్రాల సమితి మొత్తాన్నీ కీగా, అంటే గ్రూపుని గుర్తుపట్టే పేరుగా వాడాలి. వాటిని వరుస క్రమంలో పెట్టుకోవడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే 'కర్ణాటక, ఆంధ్ర', 'ఆంధ్ర, కర్ణాటక' రెండు వేర్వేరు గ్రూపులైపోతాయి. అలాగే ఏ జతా లేని రాష్ట్రం మామూలు జాయిన్‌లో కనపడకుండా పోతుంది, దానికి జత లేకపోయినా వరుసని వదలకుండా ఉంచే లెఫ్ట్ జాయిన్ కావాలి.

జతలు కూడా సరిపోని చోటు ఒకటుంది. నాగార్జునసాగర్ దగ్గర కృష్ణాకి ఒక గట్టు తెలంగాణది, రెండోది ఆంధ్రది, నదే సరిహద్దు. కర్నూలు వైపు తుంగభద్ర కూడా కొంత దూరం అంతే. అక్కడి కిలోమీటర్లు రెండు జతల్లోనూ రాస్తే మళ్లీ డబుల్ లెక్క, సగం సగం రాస్తే ఏ రాష్ట్రానికీ తన ఒడ్డున నది ఎంత దూరం పారుతోందో సరిగ్గా రాదు. అందుకని నదినే ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఒక పొడవు ఇచ్చి, జతల్ని ముక్కకీ రాష్ట్రానికీ మధ్య పెట్టాలి. అప్పుడు రాష్ట్రం పొడవు కావాలంటే దాని ముక్కలు కూడతాం, నది పొడవు కావాలంటే జతల జోలికి పోకుండా నేరుగా ముక్కలే కూడతాం.