ఆవిరి ఇంజన్ బొమ్మల సేకరణ: అపోహలు - వాస్తవాలు

ఆవిరి ఇంజన్ బొమ్మ అంటే చిన్న బాయిలర్‌లో నీళ్లు కాచి, నిజంగానే ఆవిరితో నడిపే బొమ్మ. పోయిన వేసవిలో ఒక తెలుగు కుర్రాడు కార్ బూట్ సేల్‌లో (కారు డిక్కీలో పెట్టి పాత సామాన్లు అమ్మే సంతలో) కొన్న అలాంటి పాత జర్మన్ బొమ్మను మా ఇంటికి తెచ్చాడు. "అన్నా, కొత్తదానిలా చేశాను చూడు" అన్నాడు. బాయిలర్ బంగారంలా మెరుస్తోంది. వాళ్లమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు పెట్టి రెండు గంటలు తోమాడట. నాకు నోట మాట రాలేదు. బాయిలర్ కింది భాగంలో, రేకు పట్టీ కప్పిన చోట, చిటికెన వేలంత మేర నల్లటి నీలం రంగు మిగిలి ఉంది. తయారైన రోజున బాయిలర్ మొత్తం ఆ రంగులోనే ఉండేది. ఇక అది తిరిగి రాదు.

నేను ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. పద్నాలుగేళ్లుగా ఈ బొమ్మలు సేకరిస్తున్నాను, తెచ్చిన వాళ్లకు రిపేరు చేసి ఇస్తున్నాను. పేరున్న బ్రిటిష్ కంపెనీ మామోడ్ ఆవిరి బొమ్మలు పుట్టింది ఈ ఊళ్లోనే. ఈ మధ్య మన వాళ్లు చాలామంది వీటిని కొంటున్నారు, సంతోషం. కానీ కొన్న మొదటి వారంలోనే, మంచి ఉద్దేశంతోనే వాటిని పాడు చేస్తున్నారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: ఇత్తడి ఎంత మెరిస్తే అంత విలువ.

జర్మనీలో న్యూరెంబర్గ్‌లోని బింగ్, డోల్, గోపింగెన్‌లోని మార్క్లిన్ లాంటి బొమ్మల కంపెనీలు చాలా బాయిలర్లకు రసాయనాలతో నీలం రంగు ఎక్కించేవి. అది పెయింట్ కాదు, లోహం పైపొరే అలా మారుతుంది. కొత్తగా కొన్నవాళ్లకు అది మసిలా, మురికిలా కనిపిస్తుంది. పాలిష్ పెట్టి రుద్దితే పది నిమిషాల్లో పోతుంది. చింతపండు, నిమ్మకాయ పులుపుతో ఇంకో చిక్కు ఉంది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఎక్కువసేపు పులుపు తగిలితే పైన ఉన్న జింకు కరిగిపోయి అక్కడక్కడా గులాబీ రంగు రాగి మచ్చలు తేలతాయి. బిందెకు ఫరవాలేదు, మర్నాడు మళ్లీ తోముకుంటాం. బొమ్మను అలా తోమకూడదు. మెత్తటి గుడ్డ, కొద్దిగా నూనె, పళ్లు కుట్టుకునే చెక్క పుల్ల చాలు. పచ్చటి చిలుము ఉన్న చోట నూనె రాసి ఒక రాత్రి వదిలేసి, పొద్దున పుల్లతో గీకితే వస్తుంది.

అపోహ: మోడల్ నంబర్ ఒకటే అయితే బొమ్మ ఒకటే. తేడా ఉంటే ఎవరో భాగాలు మార్చినట్టే.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. నేను చేసిన పెద్ద తప్పు కూడా ఇక్కడే జరిగింది.

మామోడ్ స్టీమ్ రోలర్ (ఆవిరి రోడ్డు రోలర్) ఎస్ఆర్1 1961లో వచ్చింది, ట్రాక్షన్ ఇంజన్ (బరువులు లాగే ఆవిరి బండి) టీఈ1 1963లో. తర్వాత వాటికే టీఈ1ఏ, ఎస్ఆర్1ఏ అని పేర్లు మారాయి. ఆ తర్వాత పేరు అలాగే ఉన్నా లోపల చాలా మారింది. ముందు స్పిరిట్ పోసి వత్తులు వెలిగించే బర్నర్ ఉండేది. 1976-77 ప్రాంతంలో దాన్ని తీసేసి, ఇంధన బిళ్ళలు పెట్టి వెలిగించే చిన్న ట్రే ఇచ్చారు. నీటి మట్టం చూడటానికి మొదట బాయిలర్ చివర ఒక మర బిరడా ఉండేది. దాన్ని విప్పి నీళ్లు పోస్తే, అక్కడి నుంచి కారడం మొదలవగానే మట్టం సరిపోయిందని అర్థం. దశాబ్దం చివరికి ఆ బిరడా పోయి, గుండ్రటి గాజు అద్దం వచ్చింది.

ఇప్పుడు లెక్క వేయండి. బర్నర్ మారినప్పుడు అద్దం ఇంకా రాలేదు. అంటే బిళ్ళల ట్రే, పాత బిరడా రెండూ కలిసి ఫ్యాక్టరీ నుంచే వచ్చిన బొమ్మలు కొన్ని ఉన్నాయి. మొదట్లో అలాంటి టీఈ1ఏ ఒకటి నా చేతికి వచ్చింది. పాత బాయిలర్‌కి ఎవరో కొత్త ట్రే తగిలించారనుకున్నాను. ఆ ట్రే తీసి పారేసి, ఎక్కడో వెతికి స్పిరిట్ బర్నర్ కొని బిగించాను. సరిచేశాననే అనుకున్నాను. రెండేళ్ల తర్వాత ఒక ముసలాయన తన చిన్నప్పుడు తండ్రి కొనిచ్చిన బొమ్మను డబ్బాతో, కాగితాలతో సహా తెచ్చి చూపించారు. బిళ్ళల ట్రే, బిరడా, అచ్చం నేను విప్పి పాడుచేసిన దానిలాగే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫ్యాక్టరీ పని చేసే తీరు తెలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొత్త డిజైన్ వచ్చినంత మాత్రాన డబ్బాలో మిగిలిన పాత భాగాలు ఎవరూ పారేయరు. అవి అయిపోయేదాకా వాడతారు. మన ఊళ్లో సైకిల్ షాపతను కూడా అంతే. అందుకే రెండు కాలాలకు చెందిన భాగాలు ఒకే బొమ్మలో కనిపిస్తాయి. సేకరించేవాళ్లకు ఇవే అపురూపం. కాబట్టి వింతగా కనిపించింది ఏదైనా విప్పే ముందు ఫొటోలు తీయండి, తీసిన ప్రతి భాగాన్నీ కవర్లో వేసి దాచండి, ఒక్క వాషర్ కూడా పారేయకండి. స్క్రూ తలమీద పాత గీతలున్నాయా, పెయింట్ చెదిరిందా చూడండి. ఎప్పుడూ విప్పని స్క్రూ గాడిలో పాత మురికి, పెయింట్ అలాగే ఉంటాయి. భాగం మార్చారా లేదా అన్నది కేటలాగ్ కంటే ఆ స్క్రూ నిజాయితీగా చెబుతుంది.

మరల విషయంలో ఇంకో మాట. పాత బ్రిటిష్ బొమ్మల్లో స్క్రూలు ఎక్కువగా బీఏ అనే పాత బ్రిటిష్ కొలత మరలవి, జర్మన్ బొమ్మల్లో మెట్రిక్. దగ్గరగా ఉంది కదా అని ఒకదాన్ని ఇంకోదాంట్లో బలవంతంగా తిప్పితే ఇత్తడి మర అరిగిపోతుంది.

అపోహ: బ్రిటన్ ఆవిరి యంత్రాల దేశం కాబట్టి అసలు బొమ్మలు బ్రిటన్‌వే, జర్మన్‌వి నకళ్లు.

ఇది పూర్తిగా తలకిందులు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఈ బొమ్మల రాజధాని న్యూరెంబర్గ్. నార్తాంప్టన్‌లోని బ్యాసెట్-లోక్ అంతటి పేరున్న బ్రిటిష్ దుకాణం కూడా బింగ్, కారెట్ కంపెనీల చేత చేయించుకుని ఇక్కడ అమ్మింది. 1914లో యుద్ధం మొదలవగానే ఆ దిగుమతి ఆగిపోయింది. నార్ఫోక్‌లోని డెరెహామ్‌లో బౌమన్ ఇంజన్లు, ఇక్కడ జెఫ్రీ మాలిన్స్ 1930లలో మొదలుపెట్టిన మామోడ్, అన్నీ ఆ తర్వాత వచ్చినవే. మామోడ్ అనే పేరు మాలిన్స్ మోడల్స్ నుంచి వచ్చింది. మాలిన్స్ మొదట్లో డెరెహామ్‌లోని హాబీస్ కంపెనీ పేరు మీద ఇంజన్లు చేసి ఇచ్చాడు. కాబట్టి హాబీస్ ముద్ర ఉన్న ఒక ఇంజన్, తొలినాటి మామోడ్ ఒకటి అన్నదమ్ముల్లా కనిపిస్తే నకలు అని తేల్చేయకండి. రెండిటిదీ ఒకటే చేయి కావచ్చు. రంధ్రాల పట్టీలు బిగించి బొమ్మలు కట్టుకునే సెట్లకు పేరున్న మెకానో అమ్మిన, 1965లో వచ్చిన ఆవిరి ఇంజన్ కూడా మామోడ్ తయారుచేసిందే. మెకానో పట్టీలు బిగించడానికి దాని పీఠానికి వరసగా రంధ్రాలుంటాయి.

జర్మనీ వైపు ఇలాంటి కథ ఒకటి ఉంది, అది బాధ కలిగిస్తుంది. డోల్ కంపెనీ యూదులది. నాజీల కాలంలో, 1938లో, అది ఫ్లైష్‌మన్ చేతికి వెళ్లింది. యుద్ధం తర్వాత ఫ్లైష్‌మన్ ముద్రతో వచ్చిన ఇంజన్లలో డోల్ డిజైన్లు చాలా ఉన్నాయి. ముద్ర మారిన ఆ బొమ్మలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా, ఏ పరిస్థితుల్లో మారిందో గుర్తుకొస్తుంది.

అమెరికాను కూడా మర్చిపోకూడదు. మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో వీడెన్ నిలువు ఇంజన్ 1884లోనే వచ్చింది. ఒక పిల్లల పత్రికకు చందాలు చేర్పించిన పిల్లలకు దాన్ని బహుమతిగా ఇచ్చేవారు. అంటే ఇవి ధనవంతుల పిల్లల బొమ్మలు మాత్రమే అన్న మాట కూడా నిజం కాదు.

అపోహ: ఎంత పాతదైతే అంత ధర.

లేదు. మామోడ్ మైనర్ 1 అనే చిన్న ఇంజన్ దశాబ్దాల పాటు కుప్పలుతెప్పలుగా తయారైంది, ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది. తక్కువ కాలం తయారై, విరగకుండా, భాగాలు పోకుండా మిగిలినదానికే ధర. ఒక్కసారి కూడా వెలిగించని బొమ్మకు ఇంకా ఎక్కువ. అలాంటిది మీ దగ్గరుంటే దయచేసి వెలిగించకండి. ఒక్క మంటతో బాయిలర్ అడుగున రంగు మారుతుంది. నడిపి చూడాలని ఉంటే ఇంకో మామూలు ఇంజన్ కొనుక్కోండి. డబ్బా అట్టముక్కే కదా అని చించేయకండి, లోపలి కాగితంతో సహా దాచండి. ఏ కాలానిదో చాలాసార్లు ఆ కాగితమే చెబుతుంది.

అపోహ: పాత బాయిలర్ బాంబులా పేలుతుంది.

ఈ భయంతో కొందరు అసలు ముట్టుకోరు. బొమ్మ బాయిలర్లు నడిచేది చాలా తక్కువ పీడనంతో. ఉదాహరణకు జర్మనీలో లూడెన్‌షైడ్‌లోని విలెస్కో కంపెనీ 1950 నుంచి ఆవిరి ఇంజన్లు చేస్తోంది. వాటి సేఫ్టీ వాల్వ్ (పీడనం ఎక్కువైతే దానంతటదే తెరుచుకుని ఆవిరిని వదిలే బిరడా) మామూలుగా 1.5 బార్ దగ్గర తెరుచుకుంటుంది. బార్ అంటే పీడనం కొలత, ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత. పైగా మామోడ్ లాంటి వాటిలో సిలిండరే అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని పట్టుకుని ఉండేది ఒక స్ప్రింగ్ మాత్రమే. పీడనం మరీ పెరిగితే సిలిండర్ పీఠం నుంచి కొద్దిగా లేచి ఆవిరిని వదిలేస్తుంది.

అసలు ప్రమాదం నీళ్లు అయిపోవడం. 1.5 బార్ దగ్గర బాయిలర్‌లో నీళ్లు సుమారు 127 డిగ్రీల వేడిలో ఉంటాయి. నీళ్లు ఉన్నంతసేపూ లోహం వేడి అంతకు మరీ మించదు. ఎండిపోయాక మంట వేడంతా లోహానికే. బౌమన్ లాంటి పాత ఇంజన్లలో వాడిన మెత్తటి టంకం సుమారు 190 డిగ్రీలకే కరుగుతుంది. అతుకులు ఊడిపోతాయి. కాబట్టి బాయిలర్‌లో నీళ్లుండగానే మంట ఆరిపోవాలి. నీళ్లు కొలిచినట్టే ఇంధనాన్నీ కొలిచి పెట్టండి.

పాతది కొనగానే చేయాల్సింది సేఫ్టీ వాల్వ్ విప్పి చూడటం. స్ప్రింగ్ తుప్పు పట్టి బిగుసుకుపోతే కొత్త వాల్వ్ వేయండి, పాతది కవర్లో దాచండి. తర్వాత చన్నీళ్లతో పరీక్ష. బాయిలర్ నిండా చన్నీళ్లు నింపి, పంపుతో మామూలు పీడనానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కిస్తాం. నీళ్లు కుదించుకోవు, అందుకే అతుకు విడినా చుక్కలు కారతాయే తప్ప పేలుడు ఉండదు. గాలితో ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి.

పేలుడు గురించి టెన్షన్ పడేవాళ్లు ఆస్‌బెస్టాస్ గురించి మాత్రం అడగరు. పాత బర్నర్ వత్తుల్లో, పైపుల చుట్టూ చుట్టిన తెల్లటి తాడులో అది ఉండొచ్చు. పొడిగా లాగకండి, ఊదకండి. అనుమానం ఉంటే తెలిసినవాళ్లకు చూపించే దాకా మూత బిగించిన కవర్లో ఉంచండి. స్పిరిట్ మంట ఎండలో కనిపించదు, ఆరిందనుకుని మళ్లీ పోస్తే చేతులు కాలతాయి. ఇంధన బిళ్ళల్లో ఒక రకమైన హెక్సమీన్ బిళ్ళలను బ్రిటన్‌లో 2023 అక్టోబర్ 1 నుంచి లైసెన్స్ లేకుండా కొనకూడదు, పాత నిల్వలు అమ్మజూపినా తీసుకోకండి. సిలిండర్‌కి ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె పనికిరాదు. వేడికి పలచబడి కొట్టుకుపోతుంది. చిక్కటి స్టీమ్ ఆయిల్ వేరే దొరుకుతుంది.

అపోహ: మన దగ్గర ఇలాంటివి లేవు.

ఉన్నాయి. చిన్నప్పుడు జాతరలో నీళ్ల తొట్టెలో టపటపమంటూ తిరిగే రేకు పడవ గుర్తుందా? లోపల చిన్న వత్తి వెలిగిస్తే పడవ కదిలేది. అదీ ఆవిరి ఇంజనే. పిస్టన్ లేదు, చక్రం లేదు. వేడికి లోపలి నీరు ఆవిరై, వెనక గొట్టాల్లోని నీళ్లను బయటికి తోస్తుంది. ఆవిరి చల్లబడగానే నీళ్లు మళ్లీ లోపలికి వస్తాయి. ఈ ఏర్పాటుకు థామస్ పియో అనే ఫ్రెంచివాడు 1891లో బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో ఇప్పటికీ చేతితో రేకు కత్తిరించి, టంకం పెట్టి చేస్తున్నారు. ఇక్కడి సేకరణకర్తలు వాటిని అడిగి మరీ తెప్పించుకుంటారు. అడుగున వేరే డబ్బా రేకు అచ్చు కనిపిస్తే వాళ్లకు ఇంకా ఇష్టం. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు రెండు కొనండి, ఒకటి నీళ్లలో వదిలి నడపడానికి, ఇంకొకటి వత్తి వెలిగించకుండా, రంగు గీరకుండా దాచడానికి.