పాత ఫిల్మ్ కెమెరాలు: అపోహలు – వాస్తవాలు

బీరువాలో పడి ఉన్న నాన్నగారి కెమెరానో, తాతగారి కెమెరానో బయటికి తీసి రీలు వేస్తున్న కుర్రకారు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. చూస్తే ఎంతో సంతోషంగా ఉంటుంది. ఆ కెమెరాతో పాటు కొన్ని నమ్మకాలనూ మోసుకొస్తున్నారు. రీళ్లు పాడయ్యేది వాటి వల్లే.

అపోహ: ఫిల్మ్ ఫొటో అంటే మసకగా, ఎర్రటి చారలతో ఉంటుంది.

అన్నిటికన్నా ముందు పోవాల్సిన అపోహ ఇదే. స్టూడియోలో తీయించుకున్న మీ అమ్మమ్మ పెళ్లి ఫొటో చూడండి, పట్టుచీర అంచులో జరీ కూడా స్పష్టంగా కనిపిస్తుంది. చారలు ఫిల్మ్ గుణం కాదు, కెమెరా జబ్బు. వెనక తలుపు మూసుకునే గాడిలో నల్లటి ఫోమ్ ఉంటుంది. ఏళ్లు గడిచాక అది కరిగి, ముట్టుకుంటే తారులా వేలికి అంటుకుంటుంది. వెలుతురు దూరేది అక్కడే. పుల్లకు దూది చుట్టి స్పిరిట్‌తో గాడి తుడిచి, కొత్త ఫోమ్ అతికిస్తే ఫొటో శుభ్రంగా వస్తుంది.

బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ 3 మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది. దాని వెనక అంకె చూసుకోవడానికి చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది. ఎరుపు రంగును పట్టుకోని పాత ఫిల్ముల రోజుల్లో అలాంటి కిటికీతో ఇబ్బంది లేదు. ఇప్పటి ఫిల్ములు ఎరుపునూ పట్టుకుంటాయి. అందుకే దాని మీద నల్ల టేపు వేయండి. రీలు తిప్పేటప్పుడు మాత్రం నీడలోకి వెళ్లి తీయండి. దానికి కావాల్సిన 120 రీలు దొరకదనే మాటా నిజం కాదు. కొడాక్ గోల్డ్ 200ను ఈ సైజులో 2022లో కొత్తగా తెచ్చారు.

అపోహ: వెలుతురు కొలిచే మీటరు చచ్చిపోతే కెమెరా పనికిరాదు.

ఎండే మీటరు. నిండు ఎండలో లెన్స్ రంధ్రం సైజు (అపర్చర్) ఎఫ్ 16 పెట్టి, ఫిల్మ్ స్పీడుకు, అంటే రీలు డబ్బా మీది అంకెకు, దగ్గరి షట్టర్ వేగం పెట్టండి. 200 రీలయితే 1/250. చెట్టు నీడలోకి వెళ్తే ఎఫ్ 5.6 గానీ ఎఫ్ 4 గానీ. కలర్ నెగెటివ్‌కి వెలుతురు కొంచెం ఎక్కువైనా పర్లేదు, తక్కువైతేనే కష్టం.

అపోహ: క్లిక్‌మంటే షట్టర్ బాగున్నట్టే.

చప్పుడును నమ్మకండి. రీలు లేకుండా వెనక తలుపు తెరిచి, 1 సెకను వేగం పెట్టి నొక్కండి. లోపల నూనె గడ్డకడితే అది మధ్యలో ఆగుతుంది, లేదా తీరిగ్గా మూసుకుంటుంది. యాషికా ఎలక్ట్రో 35 సంగతి వేరు. బ్యాటరీ లేకపోయినా క్లిక్‌మంటుంది గానీ, అప్పుడు దానికి ఉండేది 1/500 ఒక్కటే.

అపోహ: ఎక్స్‌పైరీ అయిన రీలుతో ఫొటోలు కళగా వస్తాయి.

అటక మీద మన ఎండాకాలాలన్నీ చూసిన రీలులో మిగిలేది పొగమంచే. ఫ్రిజ్‌లో దాచినదైతే, పదేళ్లకో స్టాప్ చొప్పున (ఒక స్టాప్ అంటే రెట్టింపు) వెలుతురు పెంచి ప్రయత్నించండి. ఇంట్లో శుభకార్యానికి మాత్రం అలాంటి రీలు వద్దు.

అపోహ: ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ రీలు కడగడానికి కుళాయి నీళ్లు చాలు.

యూరప్‌లో చాలేమో. మే నెలలో విజయవాడలో ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. ఇల్ఫర్డ్ హెచ్‌పీ 5 రీలును డీ-76 అనే డెవలపర్ మందును పలచన చేయకుండా, అందులో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాలి. 23 డిగ్రీలకే అది ఐదున్నర నిమిషాల చిల్లరకి దిగిపోతుంది. ఇంకా వేడెక్కితే టైం మరీ తగ్గి, ఫొటో మీద మచ్చలు మచ్చలుగా తేడాలు వస్తాయి. అందుకే మందు సీసాను ఐసు ముక్కలేసిన బకెట్‌లో పెట్టి, థర్మామీటరు చూస్తూ చల్లార్చండి. ఐసు నేరుగా మందులో వేయకండి, పలచబడుతుంది. చివర్లో కడిగే నీళ్లూ అదే చల్లదనంలో ఉంటే మంచిది. తడి ఎమల్షన్ (ఫిల్మ్ మీద బొమ్మ పడే పూత) వేడికి మెత్తబడి, గోరు తగిలినా గీత పడుతుంది.

అపోహ: లెన్స్ ఫంగస్ తుడిస్తే పోతుంది.

కొత్తగా పట్టినదైతే పోతుంది. ముదిరితే పైపూతనే కాదు, గాజునే తినేస్తుంది. విశాఖ, కాకినాడ వాళ్లు తోలు కేసులో అస్సలు దాచకండి. గాలి చొరని డబ్బా, సిలికా జెల్ వాడండి.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో రీళ్లు తెప్పించుకుంటుంటే, స్కానర్ల ఎక్స్‌రేలకు రీలు పాడవుతుంది కాబట్టి వాళ్లకు ముందే చెప్పండి: చెకిన్ సూట్‌కేసులో పెట్టొద్దని, విమానాశ్రయంలో సీటీ స్కానర్ ఉంటే చేత్తో తనిఖీ చేయమని అడగమని.