పతకం ఉంది, పుచ్చుకునేవాళ్లు లేరు: మొఫసిల్ ఊరి లెక్కల కథ

పోయినేడు ఎండాకాలంలో మా లెక్కల సారు కాలం చేశారు. నెల్లూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్లు బీఎస్సీ పిల్లలకి ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ చెప్పిన మనిషి. ఉత్తరక్రియల నాడు భోజనాలయ్యాక పాత విద్యార్థులం ఓ పాతికమందిమి షామియానా కింద కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాం. సారు పేరు మీద ఏదో ఒకటి చెయ్యాలన్నారు అందరూ. బీఎస్సీ లెక్కల్లో ఫస్టు వచ్చినవాళ్లకి ఏటా బంగారు పతకం ఇద్దామన్న మాట నిలబడింది. డబ్బు అక్కడికక్కడే పోగైంది. వారం తర్వాత ముగ్గురం కాలేజీకి పోతే ఆఫీసులో ఆయన రిజిస్టరు తిరగేసి తలెత్తాడు. "మ్యాథ్స్ మేజర్‌లో చేరినోళ్లే లేరు సార్. పతకం ఎవురికిస్తారు?"

ఎందుకు లేరంటే చేతికందే జవాబు ఒకటుంది. 2023-24 నుంచి రాష్ట్రంలో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. అంతకుముందు ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ సమానం. కంప్యూటర్లు కావాలంటే కెమిస్ట్రీ బదులు అవి తీసుకునేవాళ్లు. ఎవరు దేనికోసం వచ్చినా లెక్కల క్లాసులో కూర్చోక తప్పేది కాదు. అట్లా తప్పక కూర్చున్నవాళ్లలోంచే ఏటా ముగ్గురో నలుగురో లెక్కల పిచ్చివాళ్లు తేలేవాళ్లు. నేను చేరింది కెమిస్ట్రీ కోసం. ఈ పద్ధతిలో పదిహేడేళ్ల పిల్లోడు ముందే ఒక్క సబ్జెక్టు మీద వేలు పెట్టాలి. ఇంటర్‌లో ఎంసెట్ లెక్కలతో ఒళ్లు హూనమైనవాడు మళ్లీ లెక్కల మీదే వేలు పెడతాడా?

కానీ కొత్త పద్ధతి మీదకి మొత్తం నెట్టేస్తే సగం కథే చెప్పినట్టు. మిగతా సగం కోసం నూటపదిహేనేళ్లు వెనక్కి పోవాలి.

1910 ఆఖర్లో తమిళనాట కుంభకోణం అనే ఊరి కుర్రాడొకడు నలిగిపోయిన నోటుపుస్తకం చంకన పెట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. ఎఫ్.ఏ. పరీక్ష, అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, గట్టెక్కలేదు. 1907లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీని మొదలుపెట్టిన వి. రామస్వామి అయ్యర్ ఆ పుస్తకం చూసి, ఇతన్ని గుమాస్తా బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఇష్టం లేక, ఉత్తరమిచ్చి మద్రాసు పంపాడు. అక్కణ్ణించి ఇంకో సిఫారసు మీద శ్రీనివాస రామానుజన్ చేరింది దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు దగ్గరికి. అప్పుడాయన నెల్లూరు జిల్లా కలెక్టరు, లెక్కలు బాగా తెలిసిన మనిషి. మొదట నమ్మలేదు. ఒకటికి రెండుసార్లు కూర్చోబెట్టుకుని చూశాక నమ్మి, ఏం కావాలయ్యా అని అడిగాడు. బతకడానికి ఇంత దొరికితే చాలు, లెక్కలు చేసుకుంటానన్నాడు రామానుజన్.

ఆ తర్వాత కలెక్టరు అన్నమాట ఉందే, అది మా ఊరికి సంబంధించింది. ఇంతటి మేధావిని నెల్లూరు లాంటి మొఫసిల్ ఊళ్లో, అంటే పెద్ద నగరానికి దూరంగా ఉన్న జిల్లా ఊళ్లో, మగ్గబెట్టడం క్రూరత్వం, మద్రాసులోనే ఉండనివ్వండి, ఖర్చు నేను భరిస్తానన్నాడు. నెలకి 25 రూపాయలు పంపాడు. 1912 మార్చిలో పోర్టు ట్రస్టులో గుమాస్తాగిరీ దొరికేదాకా రామానుజన్‌ని నిలబెట్టినవాటిలో ఆ పాతిక రూపాయలు పెద్దవి. నెల్లూరు కలెక్టరు రామానుజన్‌ని ఆదుకున్నాడని మేం చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లం. మా సారు మటుకు రెండో సగం కూడా చెప్పేవారు. "మన ఊరు పనికిరాదని చెప్పి పంపించేశాడు అబ్బయా. అదీ రాసుకో."

కలెక్టరుని తప్పుపట్టలేం. పుస్తకాలు, పత్రికలు, మాట్లాడటానికి మనుషులు అన్నీ మద్రాసులో ఉన్నాయి. అయితే ఆయన ఒక్క కుర్రాడి గురించి అన్నమాట తర్వాతి కాలంలో అందరికీ చెల్లిపోయింది. లెక్కల్లో తెలివుంటే ఊరు దాటాలి, దాటనివాడికి తెలివి లేనట్టే. తండ్రి పోలీసు ఉద్యోగం బదిలీలతో కొన్నాళ్లు గూడూరులో చదివిన సి.ఆర్. రావు వాల్తేరులో ఎం.ఏ. లెక్కలు చేసి, కలకత్తా పోయి, 1945లోనే గణాంకశాస్త్రాన్ని మార్చేసిన పేపరు రాశారు. 102 ఏళ్లు బతికి 2023లో పోయారు. ఆయన కూడా ఇక్కడే ఉండిపోవాల్సిందని అనేవాడు పిచ్చివాడు. నేను చెప్పేది ఉండిపోయినవాళ్ల సంగతి.

అంతకు చాలా ముందే ఈ నేల మీద ఇంకో రకం కథ నడిచింది. తొమ్మిదో శతాబ్దంలో కన్నడ సీమలో అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు కమ్మనాటి పావులూరు తన ఊరని చెప్పుకున్న మల్లన. ఆయనది పదకొండో శతాబ్దమా పన్నెండా అన్న పేచీ పండితులు ఇంకా తెంచలేదు. ఇంకొల్లు పక్కనున్న పావులూరే ఆ ఊరని మావైపు నమ్మకం. ప్రకాశం జిల్లాలో ఉండిన ఆ ఊరు 2022లో బాపట్ల జిల్లాలో పడింది. జైనుడి పుస్తకంలో దేవుణ్ణి మార్చుకుని, లెక్కని మాత్రం చెడకుండా పద్యంలో కట్టాడు మల్లన. మన భాషలో తొలి లెక్కల పుస్తకం పుట్టింది ఏ రాజధానిలోనో ఉన్న విద్యాపీఠం పేరు మీద కాదు, ఒక పల్లె పేరు మీద.

ఏటా జూన్‌లో ఫస్టియర్ మొదటి క్లాసుకి సారు ఏమీ మాట్లాడకుండా బోర్డు మీద మల్లన పద్యం ఇది రాసేవారు:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు...

తెలుగు క్లాసుకి వచ్చామేమోనని ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకునేవాళ్లం. తర్వాత ఒక్కో మాట మీద అంకె వేయించేవారు. మన్మథుడి శరాలు అయిదు. శశి ఒకటి. షట్కం ఆరు. రంధ్రాలు తొమ్మిది. వియత్తంటే ఆకాశం, సున్న. నగాలు ఏడు, అగ్నులు మూడు. వేదాలు నాలుగు, పద్మజుడి ముఖాలు నాలుగు. కుంజరాలు ఎనిమిది, దిక్కుకొకటి. ఇట్లా వేసుకుపోయి కుడి నుంచి ఎడమకి చదివితే 18446744073709551615. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అట్లా రెట్టిస్తూ అరవై నాలుగు గళ్లూ నింపితే పట్టే గింజలన్నీ అన్ని. రెండుని అరవై నాలుగుసార్లు హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చేది అదే. "ఎందుకు ఒకటి తియ్యాలో రేపు చెప్పండి" అని డస్టరు తీసుకుని వెళ్లిపోయేవారు. ఆ రాత్రి హాస్టల్లో ఎవరూ నిద్రపోయేవాళ్లం కాదు అనను. ఇద్దరం పోలేదు.

ఈ జిల్లాలకి కాలేజీ లెక్కలు వచ్చింది ఎట్లా? 1875లో బడిగా పుట్టి 1920లో కాలేజీ అయిన నెల్లూరు వెంకటగిరి రాజా కాలేజీ మొదటి మెట్టు. కావలిలో విశ్వోదయ వాళ్ల జవహర్ భారతి 1950ల మొదట్లో వచ్చింది. డిగ్రీ దాకా సరే, పైకి పోవాలంటే రైలెక్కాల్సిందే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక వాల్తేరు, నెల్లూరు నుంచి ఆరొందల కిలోమీటర్లు. అక్కడ ఎస్. మీనాక్షిసుందరం లాంటివాళ్లు పాఠం చెప్పేవాళ్లు. 1949లో ప్లైయెల్ అనే స్వీడన్ లెక్కలాయనతో కలిసి ఆయన రాసిన పేపరు ఇవాళ్టికీ నడుస్తోంది. మా సారుకి పీయూసీలో చెప్పినాయన ఆ క్లాసులో కూర్చున్నవాడే. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టాక మావాళ్లకి దూరం తగ్గింది. ఒంగోలు వైపువాళ్లకి 1976లో నాగార్జున దగ్గరైంది.

సారుది ఉదయగిరి వైపు మెట్ట పల్లె. తిరుపతిలో ఎమ్మెస్సీ చేశారు. అక్కడే రీసెర్చికి చేరమన్నారు గానీ ఇంటి పరిస్థితి బాగాలేక తిరిగొచ్చి 1976లో కాలేజీలో చేరారు. మళ్లీ పోలేదు. ఒక జర్నల్ చూడాలంటే తిరుపతికో మద్రాసుకో బస్సెక్కాలి. మొదట్లో ఎక్కేవారట, ఇద్దరు పిల్లలు పుట్టాక మానేశారు. ఒక్క పేపరూ అచ్చు కాలేదు. పీహెచ్‌డీ లేదని పదోన్నతి దగ్గర ఆగిపోయారు. ఆ ఫైలు ఎక్కడ ఎన్నేళ్లు పడుకుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, సారు భార్య చెబితే తెలిసింది.

పాఠం ఎట్లా ఉండేదంటే, అవధి, అంటే లిమిట్, చెప్పిన రోజు ఒక్కటి చాలు. ఎప్సిలాన్, డెల్టా అనగానే సగం క్లాసు కళ్లు తేలేసింది. సారు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, "మీలో వడ్లు అమ్మినోళ్లు ఎవురు?" అన్నారు. చేతులు లేచాయి. "పుట్టి ఎంత?" "ఎనిమిదొందల యాభై కిలోలు సార్." నెల్లూరు పుట్టి లెక్క అంతే, వేరేచోట అడిగితే వేరే చెబుతారు. "కొనేవాడు వచ్చి, పుట్టి మీద పావుకిలో కంటే తేడా వస్తే ఒప్పుకోనన్నాడు. అది ఎప్సిలాన్. వాడిష్టం, నువ్వు అడ్డం చెప్పకూడదు. పుట్టి మీద అంతకు మించకుండా ఉండాలంటే బస్తా బస్తాకి ఎంత తేడా లోపల తూయాలి? అది డెల్టా. అది చెప్పాల్సింది నువ్వు. రేపు వాడు పావుకిలో కాదు, పది గ్రాములంటాడు. నువ్వు మళ్లీ చెప్పాలి. వాడు ఎంత చిన్నది అడిగినా నీ దగ్గర జవాబుంటేనే అవధి ఉన్నట్టు. ఒక్కసారి నోరు మూతపడితే లేనట్టు." వెనక బెంచీలోంచి ఒకడు, "కొనేటప్పుడు వాళ్లు ఇట్లా అడగరు సార్, తరుగు తీసేసుకుని పోతారు" అన్నాడు. సారు అంతగా నవ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను.

మాది తెలుగు మీడియం. 1968లో తెలుగు అకాడమి పెట్టి డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేశాకే మాలాంటివాళ్లు బీఎస్సీ గడప తొక్కింది. సెట్, ఫంక్షన్, గ్రూప్, రింగ్, ఫీల్డ్ అనేవాటికి సమితి, ప్రమేయం, సమూహం, వలయం, క్షేత్రం. ఆ మాటల్ని వెక్కిరించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. క్షేత్రం పాఠం నాడు మా వాడొకడు "ఈ క్షేత్రంలో ఏం పండుతుంది సార్?" అన్నాడు ఎగతాళిగా. "భాగహారం పండుతుంది. నిన్న చెప్పిన వలయంలో అన్నిసార్లూ పండదు. తేడా ఆడుంది" అన్నారు సారు తల తిప్పకుండా. ఆ ఒక్క ముక్కతో ఆ తేడా నాకు జన్మలో మర్చిపోలేనట్టు దిగింది. పేపర్లు దిద్దేటప్పుడు ఆయనకొక అలవాటుండేది. రుజువు మధ్యలో ఆగిపోయి, "ఇక్కణ్ణించి నాకు దారి తెలియలేదు" అని నిజాయితీగా రాసినవాడికి రెండు మార్కులు. తెలిసినట్టు నటించి చివర్లో "కావున నిరూపించబడినది" అని దబాయించినవాడికి సున్న.

ఈలోగా బయట లెక్కలకి వేరే గిరాకీ పెరిగింది. 1979లో నెల్లూరులో చిన్న లెక్కల కోచింగ్ సెంటరుగా మొదలైన నారాయణ సంస్థలు ఇవాళ దేశంలో చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. మొఫసిల్ ఊరు పనికిరాదన్న మాటకి అదొక రకం జవాబే. ఎంసెట్లో (2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్) 160 ప్రశ్నలకి 80 లెక్కలవే, టైము మూడు గంటలు. అంటే ప్రశ్నకి నిమిషం పైచిలుకు. సారు ఒక్క సిద్ధాంతానికి వారం తీసుకునేవారు. నిమిషంలో చేసేదీ లెక్కే, వారం పట్టేదీ లెక్కే, కానీ నిమిషం లెక్కకి సీటు వస్తుంది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఇంజనీరింగ్ బీదవాడికీ అందింది. అది మంచిదే. మా ఊరి రిక్షా ఆయన కూతురు ఇవాళ బెంగుళూరులో ఉంది. బీఎస్సీ లెక్కల బెంచీలు ఖాళీ కావడం కూడా సరిగ్గా అప్పుడే మొదలైంది. రెండూ నిజమే.

చిత్రమేమంటే, సారు రిటైరైన 2008లోనే నెల్లూరుకి సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి ఇప్పుడు కాకుటూరు దగ్గర హైవే పక్కన క్యాంపస్ ఉంది. కావలిలో ఉన్న పీజీ కేంద్రం అందులో కలిసింది. ఒంగోలులో నాగార్జున వాళ్ల పీజీ కేంద్రం ఇటీవల ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయమైంది. ఎమ్మెస్సీకి ఇప్పుడు రైలెక్కక్కర్లేదు. సారు తరం వాల్తేరు, తిరుపతి తిరిగి తెచ్చుకున్న చదువు బస్సు దూరంలోకి వచ్చేసరికి, కింద బీఎస్సీలో పంపడానికి పిల్లలు లేకుండా పోయారు.

సారు మిగిల్చిపోయింది ఏమిటని లెక్కేస్తే అచ్చు కాగితం ఒక్కటీ కనపడదు. ఆ షామియానా కింద కూర్చున్న పాతికమందిలో పద్నాలుగుమంది లెక్కల టీచర్లు. బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, వింజమూరు, కనిగిరి, పొదిలి వైపు హైస్కూళ్లలో ఉన్నారు. అందులో ఇద్దరు నాకు చెప్పిన సంగతి, "దారి తెలియలేదు" అని రాసినవాడికి వాళ్లూ రెండు మార్కులు వేస్తున్నారు. పదో తరగతిలో అట్లా వెయ్యొచ్చా అంటే వెయ్యకూడదు.

పతకం సంగతి మళ్లీ తేలలేదు. లెక్కలు మైనర్‌గా తీసుకున్న పిల్లలకి ఇద్దామని కొందరు, సెక్షన్ నడిచే ఇంకో కాలేజీకి మార్చేద్దామని కొందరు. చివరికి ముందు చేయించి పెడదాం, పిల్లలు వచ్చిన ఏడు ఇద్దాం అనుకున్నాం. ఒక పక్క సారు పేరు, రెండో పక్క ఆ పద్యం ఉండాలన్నారు. ప్రతి మాట మీదా అంకె వేసి కాగితం రాసి కంసాలికి పంపాం. పద్యం పట్టదు, అంకెలైతే చెక్కుతానని ఫోను చేశాడు. చెక్కమన్నాం.

"సరే గానీ సార్, కుడి నుంచి ఎడమకా, ఎడమ నుంచి కుడికా?" అన్నాడు.