కొత్తపేట బోర్డుల లెక్క

గుంటూరు, బ్రాడీపేట
ఆదివారం

అమ్మలుకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న కొత్తపేటలో నా కంటి పరీక్షకి టోకెన్ తీసుకుని బయట బెంచీ మీద కూర్చున్నాం కదా. అప్పుడు అమ్మలు ఎదురు వరస బోర్డులన్నీ పైకి చదివింది. ఎంబీబీఎస్, డీసీహెచ్. ఎంబీబీఎస్, ఎంఎస్. ఎంబీబీఎస్, ఎండీ, డీఎం. “తాతయ్యా, ఈయనకి ఇన్ని అక్షరాలెందుకు, పక్కాయనకి అన్నే ఎందుకు? అక్షరాలు ఎక్కువుంటే ఫీజు ఎక్కువా?” అంది. పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు. నేను నోరు తెరిచేలోపు నా నంబరు పిలిచారు. కంట్లో చుక్కలు వేశాక ఇక ఆ పూటంతా దగ్గర అక్షరమే కనపడలేదు. ముప్పై రెండేళ్ళు కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి, ఇది చెప్పకపోతే నాకే నిద్ర పట్టదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ బల్ల దగ్గర నేర్చుకున్న కిటుకు ఒకటుంది. కోర్సు పేరు చూసి అది ఏ మెట్టో తెలుసుకోలేం. దాంట్లో చేరాలంటే ముందు ఏం పాసై ఉండాలి, చేరాక ఎన్నేళ్ళు చదవాలి, ఈ రెండూ అడగాలి. డిప్లొమా అన్న మాటే తీసుకోండి. పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి చేరేదీ డిప్లొమానే. ఎంబీబీఎస్ పూర్తయ్యాక పిల్లల వైద్యంలో రెండేళ్ళు చేసే డీసీహెచ్ కూడా డిప్లొమానే. పాత డాక్టర్ల బోర్డుల మీద అమ్మలు చదివింది అదే. ఒకే మాట ఒకచోట కింది మెట్టు మీద, ఇంకోచోట మేడ మీద ఉంది.

చిన్నోడా, నీ లెక్క చెబుతాను. ఇంటర్ ఎంపీసీ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరు. పాలిటెక్నిక్ మూడేళ్ళు చదివి, ఈసెట్ రాసి సీటు తెచ్చుకుంటే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతావు. అక్కడ మూడేళ్ళు. అదీ ఆరే. పైగా మధ్యలో ఆగాల్సి వస్తే చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే డిప్లొమా ఉంటుంది. పాలిటెక్నిక్ అంటే మీ నాన్న మొహం చిట్లిస్తున్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఈ పేరా ఒకసారి ఆయనకి చదివి వినిపించు.

ఇంటర్ తర్వాత వచ్చేది డిగ్రీ, అంటే బ్యాచిలర్స్. బీఏ, బీకాం, బీఎస్సీ మూడేళ్ళు. బీటెక్, బీఫార్మసీ, అగ్రికల్చర్ బీఎస్సీ నాలుగేళ్ళు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్. ఏళ్ళు వేరైనా ఇవన్నీ ఒకే అంతస్తు. అలాగని ముందు ‘బీ’ కనిపించిందల్లా ఈ అంతస్తే అనుకోకండి. బీఎడ్‌లో చేరాలంటే ముందు డిగ్రీ ఉండాలి. ఎల్‌ఎల్‌బీకి రెండు తలుపులు, ఇంటర్ తర్వాతైతే అయిదేళ్ళు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్ళు.

చదువు చెప్పేది కాలేజీ, పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. నేను బీకాంలో చేరిన 1976లోనే మనకి నాగార్జున యూనివర్సిటీ వచ్చింది. అంతకుముందు గుంటూరు కాలేజీలకి పెద్ద దిక్కు ఆంధ్రా యూనివర్సిటీ. తమాషా ఏమిటంటే, 1926లో ఆ యూనివర్సిటీ మొదలైంది మన బెజవాడలోనే. 1930లో వాల్తేరు వెళ్ళిపోయింది. 1967లో వాళ్ళు గుంటూరులో పీజీ సెంటర్ పెట్టేదాకా, ఇక్కడ డిగ్రీ అయి ఎంఏ చదవాలనుకున్నవాళ్ళలో చాలామంది ట్రంకు పెట్టె సర్దుకుని వాల్తేరు రైలెక్కినవాళ్ళే. ఇప్పుడు మీరు బస్సు కిటికీలోంచి చూస్తూ పోయే నంబూరు దగ్గరి ఆ క్యాంపస్, ఆ పీజీ సెంటరు పెరిగి అయిందే.

డిగ్రీ మీద మెట్టు పీజీ. ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీ, ఎంటెక్, ఎంబీఏ మామూలుగా రెండేళ్ళు. డాక్టర్లకి ఎండీ, ఎంఎస్ మూడేళ్ళు. ఆపైన గుండె, మెదడు లాంటి ఒక్కదాని మీదే ఇంకో మూడేళ్ళు కూర్చుంటే డీఎం, ఆపరేషన్ల వైపు వాళ్ళకైతే ఎంసీహెచ్. అమ్మలూ, నువ్వు చదివిన ఆ మూడో బోర్డాయన ఒకటో తరగతి నుంచి లెక్కేస్తే ఇరవై మూడున్నరేళ్ళు చదివాడన్నమాట. బైపీసీ తీసుకున్నదానివి, ఇప్పుడే భయపడకు.

ఈ ఎంఎస్‌తో మన ఊళ్ళో ఒక గొడవుంది. మా వీధిలో ఒకావిడ పెళ్ళిలో “మా అబ్బాయి ఎంఎస్ చేస్తున్నాడు” అంటే, పక్కావిడ వెంటనే తన మోకాళ్ళ నొప్పుల కథ ఎత్తుకుంది. ఆ అబ్బాయి డాలస్‌లో కంప్యూటర్లు చదువుతున్నాడు! మన డాక్టరు బోర్డు మీద ఎంఎస్ అంటే సర్జరీలో పీజీ. అమెరికాలో ఎంఎస్ అంటే మన ఎమ్మెస్సీ, ఎంటెక్ లాంటిది. ఎండీ కూడా అంతే. మనకి ఎంబీబీఎస్ తర్వాత ఎండీ. అక్కడ ముందు నాలుగేళ్ళ డిగ్రీ చేసి, తర్వాత నాలుగేళ్ళు వైద్యం చదివితే వచ్చే మొదటి పట్టానే ఎండీ.

అమెరికా పేరెత్తాం కాబట్టి ఇంకో ముక్క. అక్కడ చాలా యూనివర్సిటీలు పీజీకి పదహారేళ్ళ చదువు అడుగుతాయి. మన మూడేళ్ళ బీఎస్సీ వాళ్ళకి పన్నెండూ మూడూ పదిహేనే. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత వచ్చిన నాలుగో ఏడాది ఆనర్స్ అక్కడ అక్కరకొస్తుంది. ఆ పద్ధతిలో ఏడాదికి ఆపేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా, మూడేళ్ళకి డిగ్రీ. చూశారా, డిప్లొమా మళ్ళీ ఇంకో మెట్టు మీద తేలింది.

అన్నిటికన్నా పైన పీహెచ్‌డీ. అది మిరప తోటలో అయితే బాగా అర్థమవుతుంది. మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. మీ ముత్తాత ఏ కాలేజీకీ వెళ్ళకుండానే ఈ మాట చెప్పేవాడు. బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో బీఎస్సీ చదివితే ఆ పురుగు గుడ్డెక్కడ పెడుతుంది, ఏ మందుకి ఎందుకు చస్తుంది అన్నీ తెలుస్తాయి. అదంతా ఎవరో కనిపెట్టి పుస్తకంలో పెట్టిందే. ఎమ్మెస్సీలో పురుగుల శాస్త్రం ఒక్కటే పట్టుకుని, గైడు చెప్పినట్టు ఒక ప్రయోగం తనే చేసి థీసిస్ రాస్తాడు. 2021లో మన తోటల్లోకి కొత్త రకం తామర పురుగు దిగింది. నల్లగా, నలుసంత. ఆకుల్ని వదిలి పువ్వుల్లో గుంపులుగా చేరింది. పువ్వు విప్పి అరచేతిలో దులిపితే నల్లనువ్వులు కదిలినట్టు ఉండేది. పూత రాలిపోయింది. అలవాటైన మందులు కొడితే లొంగలేదు, అప్పులు మాత్రం పెరిగాయి. మన రైతు అడిగిన ప్రశ్నకి మన పుస్తకంలో జవాబు లేదు. అలాంటి ప్రశ్న ఒకటి తీసుకుని, ఇంతవరకూ ఎవరూ చెప్పని జవాబు సంపాదించి, బయటి యూనివర్సిటీల ప్రొఫెసర్ల ముందు నిలబడి అది నిజమని ఒప్పించాలి. దానికిచ్చేది పీహెచ్‌డీ. తక్కువలో తక్కువ మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళలోపు. దీనికి ముందు ఎంఫిల్ అని ఒక మెట్టుండేది, 2022లో తీసేశారు.

పీహెచ్‌డీ వాళ్ళూ పేరు ముందు డాక్టర్ అనే పెట్టుకుంటారు. వాళ్ళకి మందుల చీటీ రాసే హక్కు మాత్రం ఉండదు. పరీక్షతో పనిలేకుండా గౌరవంగా ఇచ్చే డాక్టరేట్లు వేరే. మన జాషువా గారికి ఆంధ్రా యూనివర్సిటీ ఇచ్చిన కళాప్రపూర్ణ అలాంటిది.

ఒక్క తప్పు ఒప్పుకుని ముగిస్తాను. మీ పెదనాన్న బీటెక్ పట్టా, అంటే ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), చేతికి రాగానే వానకి తడుస్తుందని మురిసిపోతూ ల్యామినేషన్ చేయించాను. కాలేజీ ఆఫీసులో పనిచేస్తూ ఆ పని చేశాను! తర్వాత దుబాయ్ ఉద్యోగానికి పట్టా వెనక ముద్రలు వేయించాల్సి వచ్చింది. ప్లాస్టిక్ మీద ముద్ర ఎక్కడ పడుతుంది? ఒక మూల మెల్లగా ఊడదీద్దామంటే కాగితం పొరలుగా లేచొచ్చింది. చివరికి అఫిడవిట్ రాయించి, ఫీజు కట్టి, డూప్లికేట్ తెప్పించేసరికి నాలుగు నెలలు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

చిన్నోడా, వచ్చే ఆదివారం నీ పదో తరగతి మెమో పట్టుకురా. పది జిరాక్సులు తీయించి, అసలుది ప్లాస్టిక్ కవర్లో పెడదాం.

అమ్మలూ, ఫీజు సంగతి మర్చిపోలేదు. మన కంటి డాక్టరుకి రెండే ఉన్నాయి, ఎంబీబీఎస్, ఎంఎస్. మూడొందలు తీసుకున్నారు. డీఎం ఆయన దగ్గర ఎంతో ఇంకా కనుక్కోలేదు, ఆ అవసరం రాకపోతేనే నయం.

ఉంటాను,
తాతయ్య