లివర్‌లో ఆ మాత్రం లూజు ఉండాలి: పాత చేతక్ క్లచ్ కేబుల్, అపోహలు - వాస్తవాలు

నిన్న పొద్దున షాపు షట్టరు ఎత్తేసరికే ఒక మాస్టారు బండితో నిలబడి ఉన్నారు. 1984 చేతక్, వాళ్ల నాన్నగారిది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గాని స్కూటరు చేతికి రాని రోజుల్లో కొన్నది. "క్లచ్ జారుతోంది బాబూ, ఇంజిన్ అరుస్తోంది గాని బండి లాగడం లేదు. ప్లేట్లు పోయాయి, ఇంజిన్ దించాలి అన్నారు ఒకచోట. ఇంట్లో అమ్మేద్దామంటున్నారు" అన్నారు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి సీటు మీదే ఉంది.

వేలితో క్లచ్ లివర్ కదిపి చూశాను. వెంట్రుకవాసి లూజు లేదు, లోపల తీగ బిర్రుగా లాగి కట్టి ఉంది. కింద లాక్ నట్టు వదిలించి అడ్జస్టర్‌ని, అంటే తీగ బిగువు సర్దే స్క్రూని, నాలుగు చుట్లు లోపలికి తిప్పాను. ఇద్దరం ఎక్కి ఫ్లైఓవర్ దాకా వెళ్లొచ్చాం. నాలుగో గేర్లో ఎత్తు ఎక్కినా జారలేదు.

ఈ నెలలో ఇలాంటిది ఇది నాలుగోది. అందుకే రాస్తున్నాను.

అపోహ: క్లచ్ తీగ ఎంత టైటుగా ఉంటే బండి అంత బాగా లాగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేది ఈ ఒక్క మాటే. కేబుల్ మార్చాక లివర్ కాస్త వదులుగా కనిపించగానే "సరిగ్గా బిగించలేదు" అని మళ్లీ తిప్పేస్తారు. నిజానికి లివర్ పట్టగానే మొదట కొంచెం ఏ బరువూ లేకుండా ఊరికే రావాలి. ఆ తర్వాతే తీగ లాగడం మొదలవ్వాలి. లివర్ కీలు దగ్గర చూస్తే ఆ సందు దాదాపు 2 మిల్లీమీటర్లు, అయిదు రూపాయల బిళ్ల మందం అనుకోండి. దాన్నే మేం ప్లే అంటాం.

ఆ ప్లే లేకపోతే ఏమవుతుందో చూడండి. మీరు లివర్ ముట్టుకోకపోయినా కింద ఇంజిన్ దగ్గర తీగ లాగే ఆర్మ్ సగం లాగినట్టే ఉంటుంది. లోపల క్లచ్‌ని నొక్కే ఇత్తడి బిళ్ల బండి నడుస్తున్నంతసేపూ ఒరుసుకుంటూ అరుగుతుంది. స్ప్రింగులు ప్లేట్లని పూర్తిగా పట్టలేవు. ప్లేట్లు జారి, వేడెక్కి, వాటి మీది కార్క్ మాడుతుంది. ఆ మాడు వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేరు. అప్పుడు ప్లేట్లు నిజంగానే పోతాయి. రెండు చుట్లతో పోయే పని వేలల్లోకి వెళ్తుంది.

మరీ లూజైనా తప్పే. లివర్ పూర్తిగా పట్టినా క్లచ్ విడవదు. ఫస్ట్ గేర్ వేస్తే బండి ఎగిరి దూకుతుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకదు. దాన్ని గేర్‌బాక్స్ జబ్బు అనుకుని భయపడతారు.

కాబట్టి ఎవరు ఏం చెప్పినా ముందు ఇంట్లోనే ఈ పరీక్ష చేయండి. అడ్జస్టర్ లోపలికి తిప్పి ప్లే ఇవ్వండి. జారడం ఆగితే తప్పు కేబుల్‌ది. కళ్లకి కనిపించేంత ప్లే ఉన్నా ఇంకా జారుతుంటే ప్లేట్లూ స్ప్రింగులూ చూడాలి. అడ్జస్టర్ ఎటు తిప్పాలో తికమక పడకండి. స్క్రూ బయటికొస్తే తీగ బిగుస్తుంది, లోపలికెళ్తే వదులవుతుంది.

ఇంకొకటి చాలామందికి తెలీదు. చేతక్‌లో ఇంజిన్ వెనక చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. అందుకే కేబుల్ బాడీలోంచి ఇంజిన్ వైపు వచ్చే చోట కాస్త వంపు వదలాలి. అక్కడ ఔటర్, అంటే తీగ మీదుండే గొట్టం, బిగుతుగా ఉంటే స్టాండు మీద ఉన్న ప్లే వెనకాల మనిషి కూర్చోగానే మాయమవుతుంది. సర్దడం అయ్యాక వెనక ఒకరిని కూర్చోబెట్టి మళ్లీ లివర్ కదిపి చూడండి.

అపోహ: ప్లేట్లకైనా ఇంజిన్ దించాల్సిందే. అక్కర్లేదు. క్లచ్ కవరు వెనక చక్రం పక్కనే ఉంటుంది. చక్రం తీసి కవరు విప్పితే ఇంజిన్ బండిలో ఉండగానే క్లచ్ బయటికొస్తుంది.

అపోహ: కేబుల్ మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు.

ఇన్నర్, అంటే లోపలి తీగ, మాత్రమే తెగితే తప్పకుండా అవుతుంది. పైన లివర్ దగ్గర నిపిల్ (తీగ కొసన ఉండే లోహపు గుండు), కింద ఆర్మ్ దగ్గర తీగని పట్టే చిన్న బోల్టు, అంతే. పాత తీగనీ కొత్త తీగనీ పక్కపక్కన పెట్టి నిపిల్ ఆకారం, పొడవు సరిచూడండి. అడ్జస్టర్‌ని ముందే పూర్తిగా లోపలికి తిప్పేయండి. కొత్త తీగకి గ్రీజు పూసి పైనుంచి దించండి. ఎక్కడైనా ఆగితే బలంగా పొడవకండి, పోగులు పేనిన వైపుకే తీగని వేళ్ల మధ్య తిప్పుతూ తోయండి. కింద బోల్టుకి స్పానర్లు రెండు కావాలి, ఒకటి బోల్టు కదలకుండా పట్టడానికి, ఇంకొకటి నట్టు బిగించడానికి. ఒక్క స్పానర్‌తో బిగిస్తే బోల్టుతో పాటు తీగ మెలిపడి అక్కడే పోగులు కోసుకుపోతాయి. వారంలో మళ్లీ తెగిందని తెచ్చే బండ్లలో నేను చూసేది చాలావరకు ఇదే. మిగిలిన తీగని, అంతా సర్దుకున్నాకే కత్తిరించండి, మూడు నాలుగు సెంటీమీటర్లు వదిలి.

ఔటర్ కూడా మార్చాలంటే హెడ్‌లైట్ విప్పాలి. పాత ఔటర్‌ని మాత్రం ఉట్టినే లాగేయకండి. నేను పనిలో చేరిన కొత్తలో ఒకసారి లాగేశాను. బాడీ లోపల దారి కనిపించదు, కొత్తది ఎక్కడికి పోతుందో తెలీదు. రాత్రి పదకొండు దాకా ఫ్లోరు కింద టార్చి పట్టుకుని పడుకున్నాను. మా గురువుగారు భోజనానికి వెళ్లకుండా పక్కనే కూర్చుని, ఒక్క మాట కూడా అనకుండా, పాత ఇన్నర్‌ని పైనుంచి దించి దారి పట్టి చూపించారు. పాత ఇన్నర్‌ని దారి కోసం లోపలే వదిలి, దాని మీదుగా పాత ఔటర్ తీసి కొత్తది తొడగాలి. ఆ రోజు నుంచీ నేను ఒక్కసారి కూడా ఈ వరస తప్పలేదు.

అపోహ: పాత స్టాకు, సీలు విప్పని ప్యాకెట్ కేబుల్ అయితేనే మంచిది. దీని కోసం మూడింతలు పెట్టి కొంటున్నారు, నాకు బాధేస్తుంది. ముప్ఫై ఏళ్లు ప్యాకెట్లో ఉన్న గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది. కొన్నారు సరే, ముందు తీగ బయటికి లాగి శుభ్రం చేసి, కొత్త గ్రీజు పెట్టాకే ఎక్కించండి.

అపోహ: లివర్ బరువైతే కేబుల్లో పెట్రోలో డీజిలో పోస్తే చాలు. ఉన్న కాస్త జిడ్డూ కడుక్కుపోయి, తీగ ఔటర్‌కి రాసుకుని ఇంకా తొందరగా తెగుతుంది. పాత రకం ఉత్త స్ప్రింగు ఔటర్ అయితే పై కొసకి ప్లాస్టిక్ కవరు గరాటులా కట్టి, కొంచెం ఆయిల్ పోసి, రాత్రంతా వేలాడదీయండి. పొద్దున కింది కొసన చుక్క కనిపిస్తే పని అయినట్టే.

తీగ ఎక్కువగా నిపిల్ దగ్గరే ఎందుకు తెగుతుందని అడుగుతారు. చేతక్‌లో గేరు మార్చడానికి ఎడమ చేతి గ్రిప్పు తిప్పితే లివర్ కూడా దాంతోపాటే తిరుగుతుంది. దాని మీద, నిపిల్ తన గూట్లో ఎండిపోతే కదలదు. అది కదలనప్పుడు లివర్ పట్టిన ప్రతిసారీ తీగే వంగుతుంది. ఒక్కో పోగే తెగుతూ వస్తుంది. నెలకోసారి అక్కడ వేలి కొసంత గ్రీజు చాలు. ముల్లులా ఒక్క పోగు వేలికి గుచ్చుకున్నా ఆ వారమే మార్చేయండి.

కొత్త కేబుల్ వేసిన వారానికి లూజైతే "డూప్లికేట్ అంటగట్టాడు" అని షాపువాడి మీదికి వెళ్లకండి. ఔటర్ కొసలు, నిపిల్ వాటి గూళ్లలో కుదురుకుంటాయి, అంతే. ఒకసారి అడ్జస్టర్ సర్దితే చాలా రోజులు కదలదు.

దారిలో తీగ తెగితే వేసే, స్క్రూ బిగించే రెడీమేడ్ నిపిల్ ఇల్లు చేరడానికే, దాంతో నెలలు తిరక్కండి. రేడియో సాల్డరింగ్‌తో నిపిల్ అంటించే ప్రయత్నం అసలు వద్దు.

మాస్టారు సాయంత్రం ఫోన్ చేశారు. బండి అమ్మడం లేదట. ఇన్నర్ ఎంత పొడవు కొనాలని అడిగారు. పాతది చుట్ట చుట్టి పట్టుకెళ్లి షాపులో కొలిపించమన్నాను. కొత్తవి రెండు కొని, అందులో ఒకదాన్ని రెండు స్పానర్లతో పాటు డిక్కీలో పెట్టుకోమన్నాను.