క్రైస్తవ పాఠశాల, పేదరికం: కొన్ని అపోహలు, వాస్తవాలు

వర్ధమాన దేశాల్లో క్రైస్తవ సంఘాలు నడిపే పాఠశాలలకు ఉపాధ్యాయ శిక్షణ, పర్యవేక్షణ అందించడం నా వృత్తి. ఈ పనిలో పొగడ్తలూ తెగడ్తలూ సమానంగానే వినిపిస్తాయి. అయితే రెండూ ఎక్కువగా బడి పేరును చూసి అనేవే, తరగతి గదిలో కూర్చుని గమనించి చెప్పేవి అరుదు.

అపోహ: మిషన్ బడిలో సీటు దొరికితే చాలు, ఆ కుటుంబం పేదరికం నుంచి గట్టెక్కినట్లే.

వాస్తవం: ఈ మాటకు సాక్ష్యంగా తరచు నెల్సన్ మండేలా పేరు చెబుతారు. ఆయన దక్షిణాఫ్రికాలోని క్లార్క్‌బరీ, హీల్డ్‌టౌన్ మెథడిస్టు పాఠశాలల్లో చదివిన మాట నిజమే. కానీ ఆయన తెంబు తెగ రాజప్రతినిధి ఇంట పెరిగారనీ, ఆ చదువుకు అండ అక్కడినుంచే దొరికిందనీ చెప్పేవారు తక్కువ. బడిలో చేరడం వేరు, చదవడం నేర్చుకోవడం వేరు. అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 53 శాతం మంది చిన్న కథను కూడా చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని ప్రపంచ బ్యాంకు 2019లో అంచనా వేసింది. ఉదయం ప్రార్థన క్రమం తప్పకుండా జరిగే బడిలోనూ మూడో తరగతి పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటే, అతని విషయంలో ఆ బడి ఇంకా ఏమీ చేయనట్లే లెక్క.

అపోహ: ఈ బడుల ఫలితాలన్నీ ఎంపిక మహిమే. మంచి కుటుంబాల పిల్లల్ని చేర్చుకుని, వాళ్ల విజయాన్ని తమదిగా చెప్పుకుంటారు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది, అందుకే దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఆఫ్రికాలో తొలి మిషన్లు చాలావరకు రేవులకు, రవాణా మార్గాలకు దగ్గరగా, అప్పటికే కొంత కలిమి ఉన్న చోట్ల వెలిశాయని ఆర్థిక చరిత్రకారులు చూపించారు. కాబట్టి ఆ ప్రాంతాలు ఈనాడు ముందుండటానికి కారణమంతా మిషన్లదే అనడం తొందరపాటు.

అయితే ఎంపిక ప్రభావాన్ని జాగ్రత్తగా పక్కకు తీసిన అధ్యయనాలూ ఉన్నాయి. స్థానిక క్రైస్తవ సంఘాల ద్వారా పిల్లల చదువుకు, ఆరోగ్యానికి తోడ్పడే కంపాషన్ ఇంటర్నేషనల్ కార్యక్రమాన్ని ఆర్థికవేత్త బ్రూస్ వైడిక్, ఆయన సహచరులు ఆరు దేశాల్లో పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. కార్యక్రమం ఊరికి వచ్చేసరికి వయసు దాటిపోయి అర్హత కోల్పోయిన తోబుట్టువులతో సాయం అందుకున్న పిల్లల్ని పోల్చడం ఈ అధ్యయనంలోని మెలకువ. ఇల్లు ఒకటే, తల్లిదండ్రులు ఒకరే, తేడా ప్రధానంగా పుట్టిన ఏడాదిలోనే. ఆ పోలికలో సాయం అందిన పిల్లలు 1.03 నుంచి 1.46 ఏళ్లు ఎక్కువ చదివారు, మాధ్యమిక విద్య పూర్తి చేసినవారి వాటా 12 నుంచి 18 శాతం పాయింట్లు పెరిగింది, పెద్దయ్యాక జీతం వచ్చే కొలువుల్లో స్థిరపడే అవకాశమూ మెరుగుపడింది. ఇక్కడ పిల్లలకు దక్కింది బడి ఒక్కటే కాదు. రుసుము, ఆరోగ్య పరీక్షలు, బడి తర్వాత పాఠాలు, పేరు పెట్టి పిలిచి కుశలం అడిగే ఒక పెద్ద దిక్కు, ఇవన్నీ కలిసే వచ్చాయి. నా అనుభవంలో చివరిదాన్ని దాతలు అన్నిటికన్నా తక్కువగా అంచనా వేస్తారు.

అపోహ: ఈ బడులు మతమార్పిడి కోసమే.

వాస్తవం: చరిత్రలో ఆ ఉద్దేశం బాహాటంగానే ఉండేది, దాచడం అనవసరం. నేడు అనేక దేశాల్లో ఇతర విశ్వాసాల పిల్లలూ ఈ బడుల్లో చదువుతున్నారు. ప్రవేశానికి బాప్తిస్మాన్ని షరతుగా పెట్టే బడి పేదరిక నిర్మూలన పేరుతో విరాళాలు అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం.

అపోహ: క్రైస్తవ సంఘం నడిపే బడికి ఖర్చంతా సంఘమే భరిస్తుంది.

వాస్తవం: అతి పెద్ద ఖర్చు ఉపాధ్యాయుల జీతాలు, వాటిని కానుకలతో ఏళ్ల తరబడి మోయడం దాదాపు అసాధ్యం. జెస్యూట్ అనే క్యాథలిక్ సభకు చెందిన గురువు హోసే మరియా వేలాస్ 1955లో వెనిజులా రాజధాని కారకాస్ మురికివాడలో, ఒక తాపీ మేస్త్రీ ఇచ్చిన ఇంట్లో మొదలుపెట్టిన ఫే ఇ అలెగ్రియా అనే పేదల విద్యా ఉద్యమం లాటిన్ అమెరికా అంతటా విస్తరించడానికి ఒక ముఖ్య కారణం, చాలా దేశాల్లో జీతాలు ప్రభుత్వాలు ఇవ్వడం, నిర్వహణ మాత్రం ఉద్యమం చూసుకోవడం. దక్షిణాఫ్రికాలో నల్లజాతి పిల్లల చదువును ప్రభుత్వ అధీనంలోకి తెచ్చిన 1953 నాటి బంటు విద్యా చట్టం తర్వాత ప్రభుత్వ నిధులు నిలిచిపోతే, ఎన్నో మిషన్ పాఠశాలలు ప్రభుత్వపరమయ్యాయి లేదా మూతబడ్డాయి. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో 1977 ఒప్పందం ప్రకారం సంఘాల బడులు ప్రభుత్వ వ్యవస్థలోనే భాగమైనా, దశాబ్దాల పాటు ఉపాధ్యాయుల బతుకు చాలావరకు తల్లిదండ్రుల రుసుములతోనే గడిచింది. 2019లో ప్రాథమిక విద్యను ఉచితం చేసేసరికి తరగతులు కిక్కిరిశాయి. అప్పటిదాకా గడప అవతల ఎంతమంది నిలబడి ఉన్నారో అలా తెలిసింది.

అందుకే ఏ బడికి వెళ్లినా పరీక్షా ఫలితాల కంటే ముందు ప్రవేశాల రిజిస్టరు అడుగుతాను. రుసుము పెంచిన ఏడాది పేజీలు తిరగేస్తే, తండ్రి వృత్తి రాసే గడిలో ‘కూలీ’ అన్న మాట వరుసవరుసకూ తగ్గిపోతూ కనిపిస్తుంది.